కోళ్ళు చేరే ఇల్లు

1974 ఆగస్టు 19, సోమవారం. పొద్దున్నుంచీ ఉక్క. మధ్యాహ్నం పడమటి గాలి దుమ్ము లేపింది. సాయంత్రానికి నాలుగు చినుకులు పడ్డాయి గాని, లేచిన దుమ్ము అణగడానికి కూడా చాలలేదు. తేదీ ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, ఆ ముందురోజే మా పెద్దమ్మాయికి పేరు పెట్టాం. మిగిలిన బూరెలు పళ్ళెంలో పెట్టుకొని పెంచలయ్యస్వామి ఇంటికి నేను వెళ్ళింది ఆ సాయంత్రమే. బూరెలు కొంచెం గట్టిపడ్డాయి. స్వామి తిని, బాగున్నాయన్నారు. అది వేరే సంగతి.

పెంచలయ్యస్వామి అంటే కాషాయమూ గడ్డమూ ఊహించుకోవద్దు. ఆయన మగ్గం నేసి బతికి, చూపు తగ్గాక మానేసిన మనిషి. తత్త్వాలు పాడేవారు. సోమవారం సాయంత్రాలు ఆయన అరుగు మీద పాతికమంది దాకా చేరేవాళ్ళం. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు, ఏదో ఒక పని చెప్పేవారు. నేను నెల్లూరులో బి.ఏ. చదివే రోజుల్లో మా తర్కశాస్త్రం మాస్టారు ఒక్క ప్రశ్నకు వారం రోజులు జవాబు చెప్పేవారు. అందులో ఒక్క ముక్క కూడా ఇప్పుడు గుర్తులేదు. స్వామి చెప్పిన పనులు మాత్రం, నాకు చెప్పినవి కాకపోయినా, మరపుకు రావు.

ఆ సాయంత్రం ప్రశ్న అడిగినవాడు మస్తానయ్య. స్వామి శిష్యుల్లో మంచి గొంతున్నవాడు. దగ్గు ఎక్కువై పాట సాగడం లేదని, ఇక తంబుర ఎవరికైనా ఇచ్చేస్తానని స్వామి ఉగాదినాడే అని ఉన్నారు. మస్తానయ్యకే ఇస్తారని అందరం అనుకున్నాం. మస్తానయ్య కూడా అదే అనుకున్నాడు. ముందుగా కాస్త అలవాటు కావాలని తన ఇంట్లో శుక్రవారాలు పాట మొదలుపెట్టాడు. మొదటి వారం వాకిలి చాలలేదు. ఇప్పుడు ముగ్గురు మిగిలారు. అందులో ఒకాయనకు చెవుడు.

"సామీ, మీరు పాడే తత్త్వాలే పాడతన్నా. మీరు చెప్పే మాటలే చెబతన్నా. మీ ఇంటికొచ్చినోళ్ళు లేవమన్నా లేవరు. నా ఇంటికొచ్చినోళ్ళు కూసోమన్నా కూసోరు. మనుషులు నిలవాలంటే ఏం చెయ్యాల?"

స్వామి దగ్గి, దొడ్డివైపు చూశారు. పొద్దుగూకుతోంది. నాలుగు పెట్టలూ, వాటికి ముందు ఒక ఎర్రపుంజూ ఇల్లు చేరుతున్నాయి.

"ఆ కోళ్ళను తీసకపో," అన్నారు. "కాలికి తాడు కట్టబాక, తరమబాక. ఏ పొద్దు అవంతట అవి నీ ఇంట్లో పండుకుంటాయో, ఆ పొద్దు తంబుర సంగతి మాట్లాడదాం."

"ఎవరి కోళ్ళు?" అని లోపలినుంచి స్వామి భార్య చెంచమ్మగారి గొంతు వినిపించింది.

మా ఊళ్ళో కొత్తగా తెచ్చిన కోడిని రోలు చుట్టూ మూడుసార్లు తిప్పి, మూడు రోజులు గంప కింద మూసి ఉంచుతారు. అలా చేస్తే కొత్త ఇల్లు మరిగి పాత ఇల్లు మరిచిపోతుందని నమ్మకం. మస్తానయ్య స్వామి ఇంటి గంపే అడిగి తెచ్చుకొని ఆ పద్ధతంతా జరిపించాడు. నాలుగో రోజు గంప ఎత్తి, నూకలు చల్లాడు, జొన్నలు చల్లాడు, పొలం నుంచి చెదపుట్ట పెళ్ళ తెచ్చి ముందు పగలగొట్టాడు. కోళ్ళు పగలంతా పెళ్ళివారిలా భోంచేశాయి. పొద్దుగూకే వేళకు పుంజు మెడ సాచి, రెక్కలు విదిలించి, వాకిలి దాటింది. దాని వెనక నాలుగు పెట్టలు. వాటి వెనక భుజాన తువ్వాలుతో మస్తానయ్య. మూడు వీధులు దాటి ఆ ఊరేగింపు స్వామి దొడ్డికి చేరింది.

పక్కింటి బుజ్జమ్మ గడప మీద నిలబడి చూసింది. "ఏందన్నా, తిండి నీ ఇంట్లో, కాపురం వాళ్ళింట్లోనా?"

పొద్దున గంపలో పెట్టుకొని నెత్తిన మోసుకురావడం, సాయంత్రం వెనకే నడిచి సాగనంపడం, ఇదీ వరస. మా వీధి ఆడవాళ్ళు ఆ ఊరేగింపు చూసి దీపాలు పెట్టుకునేవారు.

చివరికి బుజ్జమ్మే ఉపాయం చెప్పింది. "కోడికి ఇల్లంటే మట్టేనన్నా. పాత దొడ్డి మట్టి తెచ్చి నీ దొడ్లో చల్లు."

మస్తానయ్య తట్టలకు తట్టలు మట్టి మోశాడు. చెంచమ్మగారు చూసి చూసి, "ఏం మస్తానూ, దొడ్డి మొత్తం మోసకపోతావా, బావినన్నా వదులుతావా?" అన్నారు. మట్టి తర్వాత కోళ్ళు ఎక్కే వాసం తీసుకెళ్ళాడు. నీళ్ళు తాగే చిప్ప తీసుకెళ్ళాడు. ఇవేవీ పనిచెయ్యకపోతే, స్వామి దగ్గు వింటూ పడుకోవడం వాటికి అలవాటని తోచి, సంజెవేళ దొడ్లో నిలబడి అచ్చం స్వామిలా దగ్గడం మొదలుపెట్టాడు. దగ్గు విన్న కోళ్ళు తలలెత్తి అతనివైపు చూశాయి. చూసి, అసలు దగ్గు ఉన్నచోటికి వెళ్ళిపోయాయి.

ఆ శుక్రవారానికి శ్రోతలు ఇద్దరయ్యారు. చెవిటి కోటయ్య మాత్రం మానలేదు.

అక్టోబరు చివర ముసురు పట్టింది. ఒక సాయంత్రం స్వామి దొడ్డికి మూడు పెట్టలే వచ్చాయి. చుక్కలపెట్ట లేదు. ముంగిస పట్టిందో, జంగపిల్లి పట్టిందో అని చెంచమ్మగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మస్తానయ్య వీధులన్నీ వెతికి, ఎక్కడా కనబడక తన ఇంటికి వచ్చి, పొయ్యిలోకి కట్టెల కోసం వంటపాక వెనక్కి వెళ్ళాడు. కట్టెల సందులో చుక్కలపెట్ట ఈకలు పొంగించుకొని కూర్చుని ఉంది. చెయ్యి పెడితే బొటనవేలు చిల్లుపడేట్టు పొడిచింది. వేళ్ళకు వెచ్చగా గుడ్లు తగిలాయి. దొంగచాటుగా అక్కడే పెట్టుకొని, అక్కడే పొదిగింది.

అంతలో వాన. పైన కప్పు లేదు. కదిలిస్తే గుడ్లు వదిలేసి పోతుందేమో. మస్తానయ్య గొడుగు తెచ్చి, దాని మీద పట్టి, బురదలో గొంతుక్కూర్చున్నాడు.

అది శుక్రవారం. శ్రోతలిద్దరూ వచ్చి వాకిలి ఖాళీగా ఉంటే దొడ్లోకి తొంగిచూశారు.

"పాట లేదా అబ్బయ్యా?"

"ఉష్! మెల్లగా. పొదిగుండాది."

"ఏమంటన్నాడు?" కోటయ్య ఊరంతా వినబడేట్టు అడిగాడు.

"కోడి పండుకోనుందంట! అరవబాక!" రెండో ఆయన ఇంకా గట్టిగా అరిచాడు.

ముగ్గురూ నవ్వు ఆపుకోలేక ఒక గోనెపట్టా కప్పుకొని కట్టెల పక్కనే కూర్చున్నారు. కాసేపటికి మస్తానయ్య పెట్టకోసమే అన్నట్టు సన్నగా ఏదో పాడాడు. అది స్వామి బాణీ కాదు. మధ్యలో దగ్గూ లేదు. అతనికి అలాంటి గొంతు ఒకటి ఉందని మాకెవరికీ తెలియదు.

మర్నాడు తాటాకులు కప్పాడు గాని, ముంగిస భయం ఉండనే ఉంది. అందుకని రోజూ సంజెవేళ కట్టెల పక్కన పీట వేసుకొని కూర్చునేవాడు. పిలిచేవాడు కాదు, నూకలు చల్లేవాడు కాదు. నడుం నొప్పి పుట్టేదాకా కూర్చోవడమే. మిగతా కోళ్ళను మోసుకురావడమూ సాగనంపడమూ మరిచేపోయాడు. పొద్దున అవే వచ్చేవి, సాయంత్రం ఇంటిదారి పట్టే ముందు ఇతని చుట్టూ తచ్చాడేవి. మెడ మీద ఈకల్లేని పెట్ట ఒకటి మోకాలెక్కి, తల రెక్కలో దూర్చి, కునుకు తీసేది. అది లేచేదాకా అతను కాలు కదిపేవాడు కాదు. నల్లపెట్టకు కుడికన్ను మీద పుట్టుమచ్చ ఉందనీ, పుంజు పిడుగుకు భయపడదు గాని సీతాకోకచిలుకకు భయపడుతుందనీ దారిన పోయేవాళ్ళను ఆపి చెప్పేవాడు. ఆపినవాళ్ళు నిజమా అబద్ధమా అని చూడ్డానికి వచ్చేవారు. వచ్చి, కూర్చునేవారు. బుజ్జమ్మ శనగలు వేయించి తెచ్చేది. సన్నటి పాట రోజూ ఉండేది. శుక్రవారమేదో, సోమవారమేదో తేడా లేకుండా పోయింది.

కార్తీకంలో ఒక సాయంత్రం స్వామి అరుగు మీద మేం నలుగురం ఉన్నాం. మస్తానయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతినిండా కోడి పొడిచిన గాట్లు.

"సామీ! తొమ్మిది! తొమ్మిదీ బతికినాయి! ఒకదానికి నుదుట బొట్టు కూడా ఉండాది!"

"సంతోషం," అన్నారు స్వామి. "మన కోళ్ళు యాడుండాయి మస్తానూ?"

"యాడుంటాయి సామీ, పొద్దుగూకింది గదా, మీ దొడ్లో..." అంటూ దొడ్డివైపు తిరిగాడు. దొడ్డి ఖాళీగా ఉంది.

"వారం దాటింది నాయనా అవి ఈ గడప తొక్కి," అన్నారు చెంచమ్మగారు. "తంబుర కోసం నువ్వెప్పుడొస్తావా అని ఈయన రోజూ వీధిలోకి చూస్తానే ఉండాడు."

మస్తానయ్య ఏదో గుర్తొచ్చినట్టు, "అయ్యో, పిల్లలకు నీళ్ళు పెట్టలా!" అని వచ్చినదారినే పరుగెత్తాడు. స్వామి దగ్గేంతగా నవ్వి, తంబుర తీసి నా చేతికిచ్చి, "వాడు మరిచిపోయినాడు. ఇచ్చిరా," అన్నారు.

చివరికి ఎవరికేం దక్కిందో చెప్పి ముగిస్తాను. తంబుర, నాలుగు పెట్టలు, పుంజు మస్తానయ్యకు. తొమ్మిది పిల్లల్లో ఒకటి గద్దకు, మట్టి ఉపాయం తనదేనని పోట్లాడి రెండు బుజ్జమ్మ తీసుకుంది, మిగతావి చుక్కలపెట్టవే. పాటలో ముందువరస కోటయ్యకు. నాకెవరూ ఏమీ ఇవ్వలేదు. అడగ్గా అడగ్గా మస్తానయ్య తిరిగిచ్చిన ఆ పాతగంప స్వామి ఇస్తానన్నారు. ఇప్పటికీ మా ఇంట్లో మామిడికాయలు ముగ్గేది దాని కిందే.

గంప కోసం నేను వెళ్ళేసరికి ఇంకా తెల్లవారుతోంది. స్వామి వేపపుల్ల నములుతున్నారు. చెంచమ్మగారు ఈక కూడా లేని దొడ్డి ఊడుస్తున్నారు. నా చేతిలో గంప చూసి చీపురు ఆపారు.

"అదీ పాయనా! అందరికీ అన్నీ పంచినావు. మనకేం మిగిల్చినావయ్యా?"

సరిగ్గా అప్పుడే మూడు వీధుల అవతల ఎర్రపుంజు కూసింది. ఎంత గట్టిగా కూసిందంటే, చెంచమ్మగారు అలవాటుకొద్దీ దొడ్డి మూలకు తిరిగి చూశారు.

స్వామి వేపపుల్ల తీసి, చెవి అటు పెట్టారు.

"పుంజు మస్తానుది," అన్నారు. "ఆ కూత ఎవరిదంటావే?"