రాజుగారి ఇటుకలాట

ఒకానొక రాజ్యంలో, అదెక్కడుందని మాత్రం నన్నడక్కండి, చండకేతు అనే రాజుండేవాడు. ఆయనకు లేనిది లేదు. అయినా కొలువులోని విదూషకుడు కొమ్మన్నను చూస్తే చాలు, కడుపు భగ్గుమనేది. ఎందుకంటారా? రాజు పూటంతా తంటాలుపడి పద్యం చెబితే, రాణి విమలాంబ "బాగుంది" అని ఊరుకునేది. కొమ్మన్న ఒక్క ముక్క అంటే పొట్ట పట్టుకుని నవ్వేది. ఏ మగడు ఓర్చుకుంటాడు చెప్పండి!

రాజుకు ఇటుకలాటలో మహా గర్వం. అరవై నాలుగు గళ్ళ పలక, ఒక్కోటీ రెండు గళ్ళు కప్పే దంతపు బిళ్ళలు. ఇద్దరూ ఒకరి తరువాత ఒకరు ఖాళీ గళ్ళలో పెట్టాలి. బిళ్ళకు చోటు దొరకనివాడు ఓడినట్టు. మొదటి బిళ్ళ ఎప్పుడూ రాజుదే. రాజన్నవాడు ఇంకొకరి వెనక ఆడతాడా!

ఒకనాడు నిండుకొలువులో, రాణి చూస్తుండగా, "కొమ్మన్నా, నాతో ఆడు. ఓడావా, పొద్దుగుంకేలోగా పొలిమేర దాటాలి" అన్నాడు రాజు.

కొమ్మన్న ఇంట్లో భార్య నిండు చూలాలు. రాజుకు ఆ సంగతి తెలుసు. తెలిసే అన్నాడు.

ఆట మొదలైంది. రాజు ఈ మూల పెడితే కొమ్మన్న ఎదుటి మూల పెట్టాడు. రాజు ఈ అంచున పెడితే ఆ అంచున పెట్టాడు. నట్టనడుమ పెడితే పక్కనే ఆనించాడు. 'వీడికి ఆటే రాదు' అని రాజు మీసం దువ్వాడు. గళ్ళు నిండుతున్నాయి. రాజుకు దొరికిన ప్రతి సందుకూ ఎదురుగా కొమ్మన్నకూ ఒక సందు దొరుకుతోంది. చివరికి రాజు చేతిలో బిళ్ళ ఉంది, పలక మీద చోటు లేదు.

"రాజునే ఓడిస్తావా? ఎంత పొగరు! గెలిచినా సరే, పోవాల్సిందే!" అని రాజు మండిపడ్డాడు.

"అయ్యయ్యో, నేనెక్కడ గెలిచాను మహాప్రభో? పలకను అటుదిటు తిప్పి చూడండి."

తిప్పారు. ఒక్క బిళ్ళ తేడా లేదు, ఉన్నట్టే ఉంది.

"తమరెలా పెడితే నేనూ ఎదుటివైపు అలాగే పెట్టాను. నా సొంత ఎత్తు ఒక్కటీ లేదు. తమరిని ఓడించిన మొనగాడు తమరే. పొలిమేర దాటవలసింది ఎవరో మరి..."

రాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది చూసి రాజు ఒళ్ళు మండింది. "ఇంతేనా కిటుకు? ఈసారి ముందు నువ్వు పెట్టు!" అన్నాడు.

ఆ కసిలో తన నియమం తనే మరిచాడు. కొమ్మన్న పెట్టినట్టల్లా ఎదుటివైపు పెట్టాడు, గెలిచాడు. "చూశావా రాణీ, ఓడించాను!"

"తమరెక్కడ ఓడించారు మహాప్రభో?" కొమ్మన్న చేతులు కట్టుకున్నాడు. "ఎత్తులన్నీ నావేగా! నన్ను ఓడించింది నేనే."

రాణి పకపకా నవ్వేసింది. రాజు ముఖం కందగడ్డయింది. ఆనక ఆయనకూ నవ్వాగలేదు. మెడలోని ముత్యాలహారం తీసి కొమ్మన్న మెడలో వేస్తూ, చెవిలో మెల్లగా అన్నాడు:

"ఒరే, నువ్వెక్కడికీ పోనక్కర్లేదు గాని, రేపొక్కరోజు కొలువుకు ఆలస్యంగా రా. రాణిని నేనొక్కణ్ణే నవ్వించుకుంటాను."