ఎనిమిదో పలక

విజయనగరంలో మౌనాచారి అనే వడ్రంగి ఉండేవాడు. అతని పనికి వంక పెట్టడానికి లేదు గానీ, తన ఎదుట ఇంకొకణ్ణి ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం ఆ పూట అతనికి ముద్ద దిగేది కాదు.

అందులోనూ బ్రహ్మలింగాన్ని మెచ్చుకుంటే మరీనూ. ఇద్దరూ ఒకే గురువు దగ్గర చిత్రిక పట్టడం నేర్చుకున్నవాళ్ళే. ఇద్దరి షెడ్లూ ఒకే సందులో ఉండేవి, మధ్యన నడుమెత్తు గోడ ఒకటి అడ్డం. వయసులో ఏడాది పెద్దవాడని బ్రహ్మలింగం అతన్ని "అన్నయ్యా" అని నోరారా పిలిచేవాడు. ఆ పిలుపు కూడా మౌనాచారికి వెక్కిరింతలాగే వినబడేది. అసూయ పట్టినవాడి చెవులు అలాగే ఉంటాయి మరి!

గురువు వాళ్ళకు ఒక పద్ధతి నేర్పాడు. చేసిన ప్రతి వస్తువు మీదా పనివాడి గుర్తు ఉండాలి, కానీ అది కనబడని వైపే ఉండాలి. అందుకని మంచం చేసినా, బీరువా చేసినా మౌనాచారి దాని వెనక కాల్చిన ఊచతో చిన్న నెలవంక వేసేవాడు. బ్రహ్మలింగం ఒక చుక్క పెట్టేవాడు. వెనక ఏ గుర్తుందో చూసి, ఆ వస్తువు ఎవరు చేశారో ఊరివాళ్ళు చెప్పేసేవారు.

ఒకరోజు సౌదామిని టీచరు ఇద్దరికీ కబురు పెట్టింది. ఆవిడ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైంది. పిల్లల చదువులో ఎంత నిక్కచ్చో, పాట వినడంలోనూ అంతే నిక్కచ్చి. మేడ మీద గదిని పాటలు వినడానికే ప్రత్యేకంగా కట్టించుకుంది.

"గది బాగానే ఉంది కానీ కప్పు చంపేస్తోంది" అంది టీచరు, కప్పు కేసి చూపించి. ఒకసారి చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడు ఠంగుమని తిరిగొచ్చింది. "విన్నారా? నున్నటి కప్పుకి తగిలి పాట తిన్నగా వెనక్కొచ్చి, పాట మీదే పడుతోంది. అందుకని కప్పుకి చెక్క పలకలు బిగించాలి. ఒక్కో పలక నిండా పొడుగూ పొట్టీ చెక్క దిమ్మలు అతికించాలి. డిఫ్యూజర్లంటారు వీటిని. అప్పుడు శబ్దం చెదిరి గదంతా పరుచుకుంటుంది."

"ఎగుడుదిగుడుగా చేయడానికి వడ్రంగి ఎందుకమ్మా?" అన్నాడు మౌనాచారి.

"ఇష్టమొచ్చినట్టు ఎగుడుదిగుడు కాదు ఆచారీ. దేని ఎత్తు ఎంతో లెక్క ఉంది." ఆవిడ ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చింది. దాని నిండా అంకెలే. "మొత్తం ఎనిమిది పలకలు. చెరి నాలుగు చేయండి. వచ్చే శుక్రవారానికి కావాలి. ఆ రోజు మా అమ్మ పోయిన రోజు."

టీచరు వాళ్ళమ్మ ఒకప్పుడు మంచి గాయని. ఆవిడ పాడిన గ్రామఫోను రికార్డు ఒక్కటే మిగిలింది, అది టీచరు దగ్గరే ఉంది. అరిగిపోతుందన్న భయంతో ఆవిడ దాన్ని ఏడాదికి ఒక్కసారి, ఆ తిథి నాడు మాత్రమే పెట్టుకునేది. కాపీ తీయించమని ఎందరో చెప్పారు. "గది కుదరనీయండి. అమ్మ గొంతు సరిగ్గా వినిపించిన రోజున, ఇక్కడే తీయిస్తాను" అనేది.

మౌనాచారి ఆ రోజే పనిలోకి దిగాడు. కానీ అతని కళ్ళు చెక్క మీద తక్కువ, గోడ మీద ఎక్కువ ఉండేవి. లింగం ఏ కర్ర తెచ్చాడు, ఎన్ని దిమ్మలు కోశాడు, ఎవరు చూడ్డానికి వచ్చారు, ఇదే ధ్యాస. లింగం కన్నా బాగా కనబడాలని తన దిమ్మల్ని అద్దంలా నున్నగా అరగదీశాడు.

సోమవారం నాడు టీచరు స్కేలు పట్టుకుని వచ్చింది. రెండు దిమ్మలు కొలిచి చూసింది.

"నునుపు ముచ్చటగా ఉంది ఆచారీ. కానీ అరగదీయడంలో ఎత్తు రెండు నూళ్ళు, అంటే పావంగుళం తగ్గింది. ఇవి మార్చాలి. ఒకసారి లింగం షెడ్డుకెళ్ళి చూడు, అతని చేతిలో లెక్క ఉంది."

ఆ చివరి మాట అనకపోయినా బాగుండేది. మౌనాచారికి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. ఆ రాత్రి కంచం ముందు కూర్చుని, అన్నం కెలికి లేచిపోయాడు.

మర్నాడు బ్రహ్మలింగం గోడ మీంచి తొంగి చూశాడు. "ఏటన్నయ్యా, ఎన్నయినాయి?"

"మూడోది చేస్తన్నాను. నీకెందుకురా?"

"ఊరికే అడిగినాన్లే" అని బ్రహ్మలింగం వెళ్ళిపోయాడు.

బుధవారం మధ్యాహ్నం బ్రహ్మలింగం భోజనానికి ఇంటికెళ్ళాడు. షెడ్డు తలుపు తీసే ఉంది. మౌనాచారి అటూ ఇటూ చూసి గోడ దాటాడు. బల్ల మీద పొద్దున అతికించిన పలక ఒకటి ఉంది. దిమ్మలు లెక్కకు లెక్క, ఒక్క నూలు తేడా లేకుండా నిలబడి ఉన్నాయి. మిగతావి గోడకు ఆనించి ఉన్నాయి. అవి ఎన్నో అతను లెక్కపెట్టలేదు. ఎదుటివాడి పని ఎంత బాగుందో తప్ప అతనికి ఇంకేమీ కనబడలేదు.

నాలుగు దిమ్మల్ని పట్టుకుని, పళ్ళు బిగించి మెలితిప్పాడు. సగం ఆరిన జిగురు చిన్నగా చిటపటమంది. మళ్ళీ వాటిని ఎక్కడివక్కడ నొక్కి పెట్టేశాడు. సగం ఆరిన జిగురు ఒకసారి కదిలితే మళ్ళీ గట్టిగా పట్టదు. అది పుట్టు వడ్రంగికి ఒకరు చెప్పాలా!

'పాట పెట్టగానే ఆ దిమ్మలు అదిరి గరగరమంటాయి. లెక్క ఉన్న చెయ్యి సంగతి అప్పుడు తేలుతుంది' అనుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

నాలుగో పలక మాత్రం చేయలేదు. లింగం పని చెడితే టీచరు తననే బతిమాలుతుంది, అప్పుడు చూద్దాంలే అనుకున్నాడు. గురువారం సాయంత్రం, కొలత తప్పిన దిమ్మలు మార్చి, తన మూడు పలకలూ ఆటోలో పంపించేశాడు. శుక్రవారం పొద్దెక్కాక తీరిగ్గా టీచరు ఇంటికెళ్ళాడు. కర్ర పగిలిందని చెప్పడానికి ఒక అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాడు.

మేడెక్కి తల పైకెత్తి చూస్తే కప్పుకి ఎనిమిది పలకలు బిగించి ఉన్నాయి. తనవి మూడు. లింగానివి నాలుగు. మరి ఎనిమిదోది ఎక్కడిది?

బ్రహ్మలింగం పక్కకొచ్చి చెవిలో అన్నాడు. "నీకు టైము సాలదని నాలుగోది నానే సేసీసినాను అన్నయ్యా. ఎనక నీ నెలవంకే ఏసినాను. టీచరమ్మకి సెప్పకు, నీ పేరు పోద్ది. అదిగో, రికార్డు ప్లేయరు పైనున్నదే. బుధవారం పొద్దున అతికించినాను."

మౌనాచారి తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడ్డాడు.

టీచరు చప్పట్లు కొట్టింది. ఈసారి ఠంగుమనలేదు. ఆవిడ ముఖం విప్పారింది. ముందు గది ఎలా పలుకుతుందో చూద్దామని మృదంగం రికార్డు పెట్టింది. దెబ్బ దెబ్బకీ గది నిండిపోయింది. ఆ మోతలో, ఎక్కడో పైన, సన్నగా గరగరమన్న చప్పుడు మౌనాచారికి వినబడింది.

టీచరు బీరువా తీసి, గుడ్డలో చుట్టిన అమ్మ రికార్డు బయటికి తీసింది.

"ఆగండమ్మా" అంటే చాలు. ఒక్క మాట. కానీ ఆ మాట అంటే ఎందుకో కూడా చెప్పాలి. 'మూడు నిమిషాల పాటే కదా. మూడు నిమిషాలు ఆగదా జిగురు? అయిపోగానే నేనే ఎక్కి బిగిస్తాను' అని మౌనాచారి మనసులో దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు.

పాట మొదలైంది. ఎప్పుడో వెళ్ళిపోయిన మనిషి గొంతు ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు వచ్చింది. టీచరు కళ్ళు మూసుకుంది. "అమ్మ ఊపిరి తీసుకోవడం వినబడుతోంది" అంది మెల్లగా. "ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినలేదు."

సరిగ్గా అప్పుడే పైనుంచి జానెడు దిమ్మ ఊడి, తిరుగుతున్న రికార్డు మీద పడింది.

రికార్డు రెండు ముక్కలైంది. టీచరు వంగి ఆ ముక్కల్ని రెండు చేతుల్లోకి తీసుకుని, పక్కపక్కన పెట్టి చూసుకుంది. తర్వాత అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

బ్రహ్మలింగం నిచ్చెనెక్కి ఆ పలక విప్పి, దించి, గోడకు బోర్లా ఆనించాడు. వెనక నెలవంక కనబడింది.

"ఇది నీ గుర్తే కదా ఆచారీ?" అంది టీచరు.

మౌనాచారి నోరు తెరిచేలోపు బ్రహ్మలింగం ముందుకొచ్చాడు. "గుర్తు అన్నయ్యది గానీ పని నాదమ్మా. అతికించింది నేను. తప్పు నాదే."

రెండు రోజుల కిందట మౌనాచారి కోరుకున్నది సరిగ్గా ఇదే. లింగం తల దించుకోవాలి, టీచరు ముందు తప్పు ఒప్పుకోవాలి. కోరుకున్నది కోరుకున్నట్టే కళ్ళ ముందు జరుగుతోంది. దాన్ని రెండు క్షణాలు కూడా చూడలేకపోయాడు.

"లింగం అబద్ధం చెబుతున్నాడమ్మా" అన్నాడు. "వాడి పనికి వంక లేదు. బుధవారం వాడు అన్నానికెళ్తే దొంగలా దూరి ఆ దిమ్మలు పీకింది నేను. వాడి పేరు పోవాలని పీకాను. అది వాడు నా కోసం చేస్తున్న పలకని నాకు తెలీదు."

బ్రహ్మలింగం అతని కేసి చూశాడు. ఒక్క మాట కూడా తిట్టలేదు. కానీ ఆ రోజు తర్వాత అతని నోట "అన్నయ్యా" అన్న పిలుపు మౌనాచారి మళ్ళీ వినలేదు.

టీచరు ముక్కల్ని ఒళ్ళో పెట్టుకుని తలెత్తింది. "మా అమ్మ ఊపిరి నాకు వినిపించింది లింగం పనితనం ఆచారీ. దాన్ని ఆపేసింది నీ కడుపుమంట. ఇంక నువ్వు నన్నేమీ అడక్కు."

మౌనాచారి అడగలేదు. ఆ పలకని ఇంటికి తీసుకెళ్ళి దిమ్మలన్నీ మళ్ళీ అతికించాడు. వెనకనున్న నెలవంకను ఉలితో చెక్కేసి, ఆ చోట చుక్క పెట్టి తెచ్చి బిగించాడు. తర్వాత ఒక నెలపాటు కూర్చుని, పగిలిన రికార్డు పట్టేంత టేకు పెట్టె ఒకటి చేసి టీచరుకి ఇచ్చాడు. ఆవిడ దాన్ని అందుకుని తిరగేసి చూసింది. అడుగున ఏ గుర్తూ లేదు. ముక్కల్ని అందులో పెట్టుకుంది.

ఆ తర్వాత సందులో ఎవరైనా బ్రహ్మలింగం పనిని మెచ్చుకుంటే మౌనాచారి ముఖం తిప్పుకునేవాడు కాదు. "నిజమే, వాడి చేతిలో లెక్క ఉంది" అనేవాడు. పాతికేళ్ళ పిలుపు పోగొట్టుకుని నేర్చుకున్న మాట అది.

నీతి: పక్కవాడి పేరు చెడగొట్టాలని చూసేవాడు ముందు తన పేరునే పోగొట్టుకుంటాడు, ఆ అసూయకు ఏ పాపమూ ఎరగనివాళ్ళు కూడా బలైపోతారు.