ఆహా అంటే అలిసిపోయే వంతెన

అనగనగా ఒక రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ఇది మామూలే. మామూలు కానిదల్లా ఆ నగరంలో ఏటి మీదున్న వంతెన. ఏడు రంగుల కమానులు, కమానుకో వీణ. దాన్ని చూడ్డానికి ఏడు దేశాల జనం వచ్చేవాళ్లు.

కట్టింది కరాళుడనే మాంత్రికుడు. వంతెనను మెచ్చుకుని "ఆహా" అన్నవాళ్ల సత్తువంతా వాడిలోకి పోయేది. రాజుకది తెలీదు. గొప్పకి పోయి తొలిరోజే రాణిని తీసుకెళ్లి చూపించాడు. ఆమె "ఆహా" అంది. ఆ రోజు ఎక్కిన మంచం మళ్లీ దిగలేదు. ఊరంతా అంతే. ఆవులిస్తూ లేచి, ఆవులిస్తూ పడుకునేవాళ్లు. చెప్తుంటే నాకే నిద్రొస్తోందర్రా.

ఇదంతా మాంత్రికుడి పనేననీ, వాడి ప్రాణం నడి కమాను మీది చిలకలో ఉందనీ చివరికి తెలిసి పెద్దకొడుకు బయల్దేరాడు. కమానులు చూసి "ఆహా" అన్నాడు, కూలబడ్డాడు. రెండోవాడు కళ్లకు గంతలు కట్టుకుని వెళ్లాడు. వీణలు విని "ఆహా" అన్నాడు, వాడూ కూలబడ్డాడు. మూడోవాడు మణికేతు. అన్నలిద్దర్నీ ఇంటికి చేర్పించి, వంతెన మొదట్లో చతికిలబడ్డాడు. "ఇక నా వల్లా కాదు. అమ్మ లేవదు" అని ఏడ్చాడు.

అటుగా పెరుగమ్మే పాలవెల్లి వచ్చింది. రోజూ వంతెన దాటినా ఆమెకు అలుపే లేదు.

"నీకెందుకు ఏమీ కాదు?" అన్నాడు.

"నెత్తిన కుండుంటే తలెత్తేదెట్లా దొరా? పెరుగు తొణక్కుండా చూసుకోడంతోనే సరి. ఆ వీణలేవో నేనెప్పుడూ వినలా."

మణికేతు ఆ కుండ అడిగి నెత్తిన పెట్టుకున్నాడు. అడుగు చూసుకుంటూ నడిచాడు.

"నా ముక్కు చూశావా?" అంది చిలక.

"తర్వాత."

"పోనీ, నా రెక్కలు?"

"పెరుగు తొణుకుతుంది, జరుగు."

"పాట పాడనా?"

"నీ ఇష్టం."

పొగడ్తలకు అలవాటుపడ్డ చిలక ఉండబట్టలేక వచ్చి అతని చేతిమీదే వాలింది. పట్టుకుని మెడ విరిచాడు. అక్కడ మాంత్రికుడు చచ్చాడు, ఇక్కడ పెరుగు ఒలికింది. పాలవెల్లి తిట్టిన తిట్లకి మణికేతు చాన్నాళ్లకి నవ్వాడు.

ఊరికి సత్తువ తిరిగొచ్చింది. మణికేతుకీ పాలవెల్లికీ పెళ్లయింది. పెళ్లినాడు రాణి వంతెన ఈ కొసనుంచి ఆ కొసదాకా నడిచి, "కాళ్లు లాగుతున్నాయిరా" అని కూర్చుండిపోయింది.

మణికేతు హడలిపోయాడు. "మళ్లీనా అమ్మా?"

"కాదు నాన్నా. ఇంతదూరం నడిచాను కదా. ఇది నా అలసటే" అంది రాణి సంతోషంగా.

ఆ తర్వాత మణికేతు, పాలవెల్లి చాలాకాలం రాజ్యమేలారు. సాయంత్రానికి అందరిలాగే అలిసిపోయి, హాయిగా నిద్రపోయేవాళ్లు.