సుంకులమ్మ ఎర్రచీర

చిత్రావతి ఒడ్డున చౌడప్పయ్య పట్టు అద్దితే, ఆ ఎరుపు చూసి పది ఊళ్ళ మోదుగుపూలు సిగ్గుపడి రాలిపోయేవి. మూడు వందల రకాల ఎరుపు ఆయన చేతిలో ఉండేది. కళ్ళకు గంతలు కట్టినా, ఆవిరి వాసన పట్టి ఏ బానలో ఏ రంగుందో చెప్పేవాడు. అంతటి మనిషికి ఒకటే అలవాటు: ఏమడిగినా నోటితో జవాబివ్వడు, చేసి చూపిస్తాడు.

ఆయన శిష్యుడు ఓబులేసు నూలు అద్దకం ఇంటివాడు, పట్టు పని నేర్చుకోవడానికి వచ్చాడు. వచ్చిన రోజే గురువు ఒక పట్టుపోగునూ తన తలవెంట్రుకనూ దీపానికి పట్టి, రెంటికీ ఒకే కంపని చూపించాడు. ఒంట్లోంచి పుట్టినవాటికి చవుడు, సున్నం లాంటి ఘాటు నీళ్ళు పడవని దాని అర్థం. ఓబులేసు తలూపాడు, మరిచిపోయాడు.

ఆ ఏడే అతని భార్య సుంకులమ్మ జ్వరంతో పోయింది. మిగిలింది ఆమె లక్క ఎరుపు పట్టుచీర ఒక్కటే. ఆ ఎరుపు కంటబడితే ముద్ద దిగదు; పారేద్దామంటే చేయి రాదు.

"సామీ, ఈ ఎరుపు పోయి చీర మిగిలే దారి లేదా?" అని అడిగాడు.

చౌడప్పయ్య చీర చెంగు వేళ్ళతో తడిమి, ఏటికి స్నానానికి పోయాడు.

ఓబులేసు ఆగలేకపోయాడు. వాళ్ళింట్లో నూలు గుడ్డకు రంగు దింపేది ఎలాగో అలాగే, చవుటిమన్నూ సున్నమూ కలిపి తేర్చిన నీళ్ళు మరిగించి చీర వేశాడు. నీళ్ళు నేరేడుపండులా నల్లబడ్డాయి. రంగు దిగిందని సంబరపడి కర్రతో ఎత్తాడు. కర్రకు నాలుగు జరీపోగులు వేలాడాయి. అంతే. బానంతా దేవులాడాడు; పట్టంతా ఆ నీళ్ళలో కరిగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆ దీపం, ఆ కంపు.

గురువు తిరిగొచ్చేసరికి జరీపోగులు గుండెకు అదుముకుని కూర్చుని ఉన్నాడు.

"చీరే పోయింది సామీ."

"ఎరుపు పోవాలంటివి కదా అబ్బీ."

తిట్టలేదు. చింతపండు పులుసు పిసికి, కడవల కొద్దీ బానలో పోశాడు. నల్లటి నీళ్ళు మెల్లగా విరిగి, సుంకులమ్మ చీర ఎరుపు పైకి తేలింది. పటిక నీళ్ళలో నానిన తెల్లటి పట్టుపోగుల చిలప తెచ్చి అందులో ముంచాడు. చిలప ఎరుపు పట్టింది, మునుపటంత కాదు, వెలిసినట్టుగా.

తడి చిలపను ఓబులేసు దోసిట్లో పెట్టాడు.

"దీన్ని ఈసారి ఏ నీళ్ళలో వేస్తావో, నువ్వే చూసుకో."