ఊరుకున్న కణం

ఆచార్య వేదాద్రి గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుల్ని ఎవరేమడిగినా జవాబు ఆయనే చెప్పేవారు. అరటిపళ్ల మీద ముసిరే చిన్న ఈగల మీద పరిశోధనలోనే తల నెరిసిన మనిషి. ఆయన చెప్పాక ఇంకొకరు చెప్పడానికి ఏమీ మిగిలేది కాదు. పిల్లలు ఇబ్బంది పడకూడదన్న ప్రేమే తప్ప గొప్పలకు పోవడం కాదది. ప్రేమ కాబట్టే ఎవరూ వద్దనలేకపోయారు.

ఆయన శిష్యురాలు నస్రీన్ మర్నాడు నిపుణుల సంఘం ముందు తన పనిని వివరించాలి. తడబడితే పరిశోధన అక్కడితో ఆగిపోతుంది. ఎప్పటిలాగే గురువుగారు పక్కన కూర్చుంటారు. అయినా ఆమె ఆ ముందురోజు పొద్దున్నే వచ్చి, "సార్, నలుగురిలో నాకు నోరు పెగలదు. నాలో ఆ సత్తా లేదేమో. మానేసి వెళ్లిపోనా?" అని అడిగింది.

ఆయన ఆమెను సూక్ష్మదర్శిని దగ్గరికి తీసుకెళ్లారు. దాని కింద, పురుగు దశ దాటి గూట్లో ఈగగా మారుతున్న ప్యూపా, ఇంకా ప్రాణంతో ఉంది. వీపు చర్మంలో ఒకచోట కొన్ని కణాలు గుంపుగా ఉన్నాయి. వాటిలో ఏదైనా స్పర్శ తెలిపే వెంట్రుకగా ఎదగగలదు; అందుకు కావలసిన జన్యువు అన్నిట్లోనూ ఉంది. కానీ ఒక్కటి కాస్త ముందుకొచ్చి, పక్కవాటిలో ఆ జన్యువును అణిచేస్తుంది. అవి మామూలు చర్మంగా మిగిలిపోతాయి. జన్యువు జోరుగా పనిచేసే కణం పచ్చగా మెరిసేలా ముందే ఏర్పాటు చేశారు. అప్పటికి గుంపులో ఒక్కటే మెరుస్తోంది.

వేదాద్రి గారు లేజరుతో ఆ కణాన్ని చంపేశారు. పచ్చదనం ఆరిపోయింది. ఇద్దరూ వెళ్లి టీ తాగి వచ్చి చూశారు, ఏమీ లేదు. భోజనమయ్యాక చూశారు, అప్పుడూ లేదు. సాయంత్రానికి, అంతవరకు ఊరికే పడి ఉన్న పక్క కణం ఒకటి మెల్లగా పచ్చబడింది.

"వెంట్రుకవి కమ్మని దీనికి ఎవరు చెప్పారు?" అని ఆయన అడిగారు. అడిగి, ఊపిరైనా తీసుకోకుండా, "ఎవరూ..." అంటూ తానే మొదలెట్టి, చటుక్కున ఆగిపోయారు.

నస్రీన్ సూక్ష్మదర్శిని నుంచి కన్ను తీయకుండానే అంది. "ఎవరూ చెప్పలేదు సార్. వద్దని చెప్పేది పోయింది, అంతే."

వేదాద్రి గారికి సిగ్గేసింది. కళ్లద్దాలు తీసి, మురికేమీ లేకపోయినా తుడుచుకున్నారు.

"రేపు నువ్వు వెళ్లమ్మా," అన్నారు. "నేను రాను."