ఏనుగు అడుగు పడని మాట

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో జంతువులకు పులి అంటే భయం. పన్ను అంటే ఇంకా భయం. పులి వస్తే పరిగెత్తొచ్చు. పన్ను వస్తే ఎటు పరిగెత్తాలో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ అడవికి రాజు ఒక ముసలి ఏనుగు. ఎవరు పోగేసుకున్నదాంట్లో వాళ్లు కొంత తెచ్చి రాజుగారి గుహలో ఇవ్వాలి. ఎలుగుబంట్లు తేనె ఇవ్వాలి, జింకలు ఇప్పపువ్వు ఇవ్వాలి, కుందేళ్లు దుంపలు ఇవ్వాలి. అదే పన్ను. ఇప్పచెట్ల మీద చివరి పువ్వు రాలేలోపు కట్టెయ్యాలి. మండువేసవిలో తిండి దొరకనప్పుడు, పన్ను కట్టినవాళ్లందరికీ ఆ గుహలోంచే పంచిపెట్టేవారు. కట్టనివాళ్లకు మాత్రం లేదంటే లేదు.

ఈ పద్ధతులు మార్చాలంటే రాజుగారి కొలువు కొండమీద కూర్చుని రోజుల తరబడి వాదించుకునేది. ఏదైనా తేలితే ఏనుగు వాగు ఒడ్డుకు దిగివచ్చి, అందరికీ చెప్పి, అక్కడి బంకమట్టిలో అడుగు వేసేది. అడుగు పడితే అది చట్టం. పడకపోతే ఉత్త మాట. అర్థమైందా పిల్లలూ? కాకపోయినా ఫరవాలేదు. ఆ అడవిలో ఉన్నవాళ్లకే సరిగ్గా అర్థమయ్యేది కాదు.

అందుకే వాళ్లంతా సోమలింగం దగ్గరకు వెళ్లేవాళ్లు. సోమలింగం ఒక ఏదుపంది. పన్ను లెక్కలు చూడటం అతని వృత్తి. రాలిన తన ముళ్లనే నేలలో గుచ్చి, ఎవరి లెక్క వాళ్లకు విప్పి చెప్పేవాడు. మంచివాడే. కష్టపడేవాడే. కానీ ఒక జబ్బు ఉండేది. ఏ కొత్త సంగతైనా తన నోటినుంచే ముందు రావాలి. అవతలి గుట్టమీద ఇంకో ఏదుపంది కూడా లెక్కలు చూస్తోంది మరి. "నాకు తెలీదు" అనడం సోమలింగానికి చేతయ్యేది కాదు.

అతనికి వార్తలు తెచ్చేది రత్తాలు అనే కొండగోరింక. కొలువు జరిగే చోట చెట్టెక్కి కూర్చుని, గాలి ఎంత మోసుకొస్తే అంత వినేది. విన్నది విన్నట్టు వచ్చి చెప్పేది.

ఒకరోజు కొండమ్మ అనే ఎలుగుబంటి సొరబుర్ర నిండా తేనె పట్టుకుని సోమలింగం దగ్గరకు వచ్చింది. ఆమెకు ఇద్దరు చిన్నపిల్లలు.

"లింగయ్యగారూ, ఇది పన్ను కోసం దాచాను. కట్టేసి రమ్మంటారా?" అని అడిగింది.

అంతలో రత్తాలు రొప్పుతూ వచ్చి వాలింది. "బాబాయ్, తేనె మీద పన్ను తీసేశారంట. నా చెవులతో విన్నాను."

సోమలింగం మొహం వెలిగిపోయింది. "విన్నారా కొండమ్మగారూ? తేనె ఇంటికి తీసుకెళ్లి పిల్లలకు పెట్టండి."

"వాగు దగ్గర అడుగు పడిందా అండీ?"

వాగు కాస్త దూరం. వెనకాల కుందేళ్లు వరసలో నిలబడి ఉన్నాయి. "పడే ఉంటుందమ్మా. అందరికన్నా మీకు ముందు తెలిసింది, సంతోషించండి," అన్నాడు సోమలింగం.

కొండమ్మ సంతోషించింది. పిల్లలు ఆ తేనె చేతులు నాకుతూ తిని, బుర్ర లోపల కూడా నాకేశారు.

కొన్నాళ్లకు రత్తాలు మళ్లీ వచ్చింది. "బాబాయ్, ఎలుగుబంట్లు తేనెకు బదులు ఇప్పపువ్వు కట్టాలంట."

సోమలింగం కొండమ్మకు కబురు పెట్టాడు. పాపం ఆమె పిల్లల్ని వెంటేసుకుని ఎండలో పువ్వు ఏరింది. కుళ్లిపోకుండా బండమీద ఆరబెట్టింది.

పువ్వు బాగా ఎండాక, కొండమ్మ సోమలింగం దగ్గర ఉండగానే రత్తాలు మూడోసారి వచ్చింది. "బాబాయ్, ఎండిన ఇప్పపువ్వు పువ్వు కాదంట."

"మరేమిటి?" అన్నాడు సోమలింగం.

"అది తేలలేదు. కొందరు పండు అన్నారు. కుందేలు మంత్రి మాత్రం గడ్డి అన్నాడు."

సోమలింగం ముళ్లు గుచ్చాడు. పీకాడు. మళ్లీ గుచ్చాడు. ఏ ముల్లు ఎవరిదో అతనికే తెలియకుండా పోయింది.

"నాకేం అర్థం కావట్లేదండీ," అంది కొండమ్మ. "చెట్టుమీద పువ్వు, నేలమీద పువ్వు, బండమీదికి వచ్చేసరికి గడ్డి అయిపోతుందా?"

"చట్టం అలాగే ఉంటుందమ్మా," అన్నాడు సోమలింగం. అతనికీ బుర్ర తిరిగిపోతోంది. అయినా నోరు ఊరుకోలేదు. "పండు అని చెప్పి కట్టెయ్యండి."

కొండమ్మ మూట ఎత్తుకుని గుహ దగ్గరకు వెళ్లింది. అక్కడ కాపలా ఉండేది ఒక అడవిదున్న.

"ఎలుగుబంటివి కదా. తేనె ఏదమ్మా?" అంది దున్న.

"తేనెకు పన్ను లేదు కదన్నా. పండు తెచ్చాను."

దున్న మూట విప్పి చూసింది. "ఇది ఇప్పపువ్వు. దీన్ని పండు అంటావేమిటి?"

"గడ్డి అనడానికి మనసొప్పలేదన్నా."

దున్న మూట తిరిగి కట్టేసింది. "నాకు తెలిసిన చట్టం ఒకటే. ఎలుగుబంటి తేనె తేవాలి. చెట్ల మీద పువ్వు ఇంక లేదు, రేపటికి గుహ మూసేస్తాం," అంది.

కొండమ్మ పరుగున సోమలింగం దగ్గరకు వచ్చింది. అప్పుడు ఇద్దరూ కలిసి వాగు దగ్గరకు వెళ్లారు. మొదటిరోజే వెళ్లాల్సిన చోటు అది.

బంకమట్టిలో పోయిన సంవత్సరపు అడుగు ఒక్కటే ఉంది. ఆ గుంటలో కాసిని నీళ్లు, నీళ్లలో ఒక కప్ప ఉన్నాయి.

"ఈమధ్య రాజుగారు ఇక్కడ అడుగు వేశారా?" అని సోమలింగం మెల్లగా అడిగాడు.

"వేసి ఉంటే నేను ఉండేదాన్నా?" అంది కప్ప.

సోమలింగం ముళ్లన్నీ వాలిపోయాయి. కొండమ్మను వెంటబెట్టుకుని రాజు దగ్గరకు వెళ్లి జరిగిందంతా చెప్పాడు.

ఏనుగు చెవులు ఊపుతూ విన్నది. "అవన్నీ మేము అనుకున్న మాటలే. అనుకున్నాం, కాదనుకున్నాం, మళ్లీ అనుకున్నాం. ఏదీ తేలక పాత పద్ధతే ఉంచేశాం. నీకు ఎవరు చెప్పారు?"

పైన కొమ్మమీద రత్తాలు వణుకుతోంది. సోమలింగం ఒకసారి తలెత్తి చూశాడు. గోరింక చెప్పిందని అంటే సరిపోయేది.

"ఎవరు చెప్పినా, వెళ్లి చూసి రావలసింది నేను. తప్పు నాది రాజా," అన్నాడు.

"తప్పు నీదే. కానీ పన్ను కట్టనిది ఆమె. గుహలోంచి ఆమెకు ఇవ్వలేను," అంది ఏనుగు.

"ఈ వేసవికి నా పిల్లలు ఏం తింటారండీ?" అని కొండమ్మ ఏడ్చింది. ఆమె సోమలింగాన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి అంత బాధ ఉండేది కాదు.

"నా వాటా వాళ్లకివ్వండి," అన్నాడు సోమలింగం.

ఆ వేసవి అంతా అతను చేదు వేళ్లు తవ్వుకు తిన్నాడు. చిక్కిపోయి, ముళ్లకట్ట నడిచి వెళ్తున్నట్టు ఉండేవాడు. కొండమ్మ పిల్లలు మాత్రం బతికి బట్టకట్టారు.

మరుసటి ఏడు మళ్లీ ఇప్పపూలు రాలాయి. సోమలింగం ముందు జనం నిలబడ్డారు. రత్తాలు రొప్పుతూ వచ్చింది. "బాబాయ్, తేనె మీద పన్ను సగం చేశారంట."

"నిజమేనా లింగయ్యగారూ?" అని అందరూ అడిగారు.

"నాకు తెలీదు. వాగు దగ్గరకు వెళ్లి చూసొస్తాను," అన్నాడు సోమలింగం.

జంతువులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. "లెక్కలు చూసేవాడికే తెలియకపోతే ఎలా?" అని గొణిగాయి. కొన్ని లేచి అవతలి గుట్టకు వెళ్లిపోయాయి.

కొండమ్మ వెళ్లలేదు. తేనె నిండిన సొరబుర్రను జాగ్రత్తగా కింద పెట్టింది. దాని పక్కనే కూర్చుంది.

"మీరు చూసి రండి లింగయ్యగారూ. ఎంతసేపైనా ఉంటాను," అంది.

నీతి: తెలియనిది తెలిసినట్టు చెప్పకూడదు. చెప్పినవాడి తొందరకు నమ్మినవాడు నష్టపోతాడు.