చూడకుండా చెప్పిన మాట

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో వీరభద్రాచారి అనే నగల వ్యాపారి ఉండేవాడు. పనిలో ఎంత నిజాయితీపరుడో, మరొకరి అంగడికి జనం వెళ్తుంటే అంతగా ఉడికిపోయేవాడు.

ఆయన అంగడి చిన్నది. నగలు ఆయనే చేసేవాడు, ఆయనే అమ్మేవాడు. ఎవరైనా నగ తెచ్చి చూపిస్తే భూతద్దం కంటికి ఆనించి, తిప్పి తిప్పి చూసి, ఉన్నదున్నట్టు చెప్పేవాడు. చుట్టుపక్కల పల్లెలవాళ్లు నగ ఎక్కడ కొన్నా, ఆచారి బాగుందన్నాకే ఒంటిమీద వేసుకునేవారు.

ఒక ఏడు శ్రావణమాసానికి ముందు ఆయన అంగడికి ఎదురుగా పెద్ద షోరూం ఒకటి వెలిసింది. ‘వజ్రాలు సగం ధరకే’ అని బ్యానరు కట్టారు. లోపల ఏసీ, వచ్చినవాళ్లకు బాదంపాలు. ఆచారి దగ్గర ముక్కుపుడక కొన్నవాళ్లు కూడా అక్కడ దుద్దులు చూడటానికి వరుస కట్టారు. ఆచారి రోజంతా గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఆ వరుసనే చూసేవాడు.

అలాంటి ఒక మధ్యాహ్నం ఓబులమ్మ వచ్చింది. ఆమె కూతురి పెళ్లి దగ్గర పడింది. తాళిబొట్టు చేసే పని ఆచారికే అప్పజెప్పింది. ఆ రోజు మాత్రం చిన్న డబ్బా తెరిచి వజ్రాల కమ్మలు చూపించింది.

“మా తమ్ముడు సుంకన్న మేనకోడలికని తెచ్చినాడు. ఒకసారి చూడన్నా” అంది.

“ఎక్కడ కొన్నాడు?”

“ఎదురంగట్లోనే.”

ఆచారి భూతద్దం తీయనే లేదు. “ఇవి వజ్రాలేంటి తల్లీ, గాజుముక్కలు. సగం ధరకు ఇంకేం వస్తాయి?” అన్నాడు.

ఓబులమ్మ ముఖం వాడిపోయింది. డబ్బా మూసుకుని వెళ్లిపోయింది.

సుంకన్న బండల పాలిష్ యంత్రం నడుపుకుని బతికేవాడు. ఓబులమ్మ ఆ సాయంత్రం చుట్టాలందరి ముందూ కమ్మలు అతని చేతిలో పెట్టేసింది. “ఇవి గాజువని ఆచారన్న చెప్పినాడు. ఇవ్వలేకపోతే ఇవ్వలేనని చెప్పుండొచ్చు కదరా! గాజువి పెట్టి పిల్లను అత్తగారింటికి పంపమంటావా?” అంది. సుంకన్న కమ్మల డబ్బా జేబులో పెట్టుకున్నాడు. బావ అడ్డుపడుతున్నా వినకుండా బయటికి నడిచాడు. పెళ్లికి రానని కబురు పంపాడు.

మర్నాడు అతను నేరుగా ఆచారి అంగడికి వచ్చాడు. “మళ్లా చూడన్నా. ఈసారి అద్దం పెట్టి చూడు” అన్నాడు.

ఆచారి అద్దం పెట్టి చూశాడు. వజ్రాలను పరీక్షించే యంత్రం కూడా ఆనించాడు. రాళ్లు చిన్నవే. పెద్ద మెరుపూ లేదు. కానీ అవి వజ్రాలే. అంగట్లో ఇంకా నలుగురు బేరగాళ్లున్నారు. నిజం చెబితే ఎదురంగడివాడిని మెచ్చుకున్నట్టవుతుందని ఆయనకు తోచింది.

“యంత్రం సరిగా పనిచేయటం లేదు. రేపు రా” అన్నాడు.

సుంకన్న ఆయన ముఖంలోకి చూశాడు. “నీకు తెలిసిపోయిందన్నా. చెప్పటానికే మనసు రావటం లేదు” అని డబ్బా తీసుకుని కడపకు బస్సెక్కాడు. అక్కడి పరీక్ష కేంద్రంలో అవి అసలు వజ్రాలేనని రాసిచ్చారు. ఆ మాట రెండు రోజుల్లో వీధంతా పాకింది. నగలు చూపించడానికి ఆచారి దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. వచ్చినవాళ్లు కూడా, “బాగా చూసే చెబుతున్నావా?” అని అడగసాగారు. ఆచారిని ఇంతకు ముందు ఎవరూ అలా అడగలేదు.

ఆయనకు అన్నం సయించలేదు. చివరికి ఓబులమ్మ ఇంటికి వెళ్లాడు. సుంకన్ననూ అక్కడికే పిలిపించాడు. పందిరి వేస్తున్నవాళ్లు, చుట్టాలు అందరూ వింటుండగా చెప్పాడు: “కమ్మలు మంచివే. నేను వాటిని చూడనే లేదు. ఎదురంగడి మీద కడుపుమంటతో నోటికొచ్చింది అన్నాను. తెలిశాక కూడా దాచాను. తప్పు నాది, సుంకన్నది కాదు.”

ఓబులమ్మ తమ్ముడి చేయి పట్టుకుని ఏడ్చింది. “అంతమందిలో అన్నావే అక్కా!” అన్నాడు సుంకన్న. అయినా చేయి విడిపించుకోలేదు. పెళ్లిలో మేనమామ చేయాల్సినవన్నీ అతనే చేశాడు.

ఆచారి వెళ్లబోతుంటే ఓబులమ్మ గుమ్మం దాకా వచ్చింది. “వచ్చి చెప్పినావు, సంతోషం అన్నా. తాళిబొట్టు మాత్రం వేరేచోట చేయిస్తాము. ఏమీ అనుకోవద్దు” అంది.

ఆచారి తల వంచుకుని సరేనన్నాడు. ఎదురంగడి సగం ధరలు ఆయన దగ్గర్నుంచి కొన్ని బేరాలు మాత్రమే తీసుకుపోయాయి. మనుషుల నమ్మకాన్ని మాత్రం ఆయనే పోగొట్టుకున్నాడు. దాన్ని తిరిగి సంపాదించుకోవడానికి ఆయనకు చాలా ఏళ్లు పట్టింది.

నీతి: ఓర్వలేక ఇతరుల సరుకును నిందించేవాడు చివరికి తన మాటకే విలువ లేకుండా చేసుకుంటాడు.